ముప్పై తొమ్మిదో బొంత

రుక్మాబాయి చేతిలోంచి సూది జారి పడింది. ఆమె వంగి వెతికి తీసి, దారం కొసను నోట్లో తడిపి, మళ్లీ గుడ్డలోకి గుచ్చబోయింది. సూది మళ్లీ జారింది.

ఎదురుగా పీట మీద కూర్చున్న ఇశ్రాయేలు గోడ గడియారం చూశాడు. పదకొండున్నర. సాయంత్రం నాలుగింటికి ఫ్యాక్టరీలో సంతకాలు. ఈ బొంత అప్పటికల్లా సిద్ధంగా ఉండాలి.

"చేతులకేమైంది అక్కా?"

"ఏమైతది తమ్మీ, ముసలితనం. రెండు నెలల సంది గిట్లనే ఉంది. వేళ్లు మడుస్తే మడుస్తయ్ గని లేవమంటే లేవయి. చూడు."

ఆమె రెండు చేతులూ ముందుకు చాచింది. మోచేతుల నుంచి మణికట్టు దాకా తిన్నగానే ఉన్నాయి. అక్కడి నుంచి రెండు అరచేతులూ ఎండిన ఆకుల్లా కిందికి వేలాడాయి. ఆమె వాటిని పైకెత్తడానికి ప్రయత్నించింది. అవి కదల్లేదు.

ఇశ్రాయేలు పీట ముందుకు జరుపుకుని వాటిని దగ్గరగా చూశాడు.

అలాంటి చేతులు అతను జీవితంలో ఒక్కసారే చూశాడు. పాత బ్యాటరీ కంపెనీలో నర్సింహ అని ఒకడుండేవాడు. సీసం పొడి తయారుచేసే గదిలో ఎనిమిదేళ్లు పనిచేశాడు. ఒకరోజు క్యాంటీన్‌లో టీ గ్లాసు ఎత్తలేకపోయాడు. గ్లాసు ముందు కూర్చుని, వేలాడుతున్న తన చేతిని తనే చూసుకుంటూ నవ్వాడు. ఏడాది తిరక్కుండానే కంపెనీ అతన్ని ఇంటికి పంపేసింది. సీసం ఒంట్లోకి పోతే ముందు చేతులే పడిపోతాయని కార్మికులందరికీ అప్పుడే తెలిసింది.

కానీ రుక్మాబాయి ఏనాడూ ఫ్యాక్టరీలో అడుగుపెట్టలేదు. రైల్వే గ్యాంగ్‌మన్ భార్య. మొగుడు పోయాక యాకుత్‌పురా స్టేషన్ పక్క గల్లీలో బొంతలు కుట్టుకుని బతుకుతోంది. ఫ్యాక్టరీ ఎక్కడో కాటేదాన్‌లో ఉంది. మరి ఈమె ఒంట్లోకి సీసం ఎలా వెళ్లింది?

ఇశ్రాయేలు చూపు ఆమె చేతుల మీంచి జారి ఒడిలోకి దిగింది. ఒడిలో మందపాటి బూడిదరంగు గుడ్డ ఉంది. అది తమ ఫ్యాక్టరీ గుడ్డ.

* * *

పాత కంపెనీ మూతపడి ఏడేళ్లయింది. అప్పుడు రోడ్డున పడ్డవాళ్లలో ముప్పై ఎనిమిది మంది, చేతికొచ్చిన డబ్బూదస్కం అంతా కలిపి ఒక సంఘం పెట్టారు. ఒక షెడ్డు అద్దెకు తీసుకున్నారు. స్కూటర్ల నుంచీ ఇన్వర్టర్ల నుంచీ వచ్చే పాత బ్యాటరీలు పగలగొట్టి, సీసం కరిగించి, దిమ్మెలు పోసి అమ్మడం వాళ్ల పని. కొలిమి మేస్త్రీ ఇశ్రాయేలును ప్రెసిడెంటును చేశారు. స్టోర్స్‌లో గుమాస్తాగా చేసిన పురుషోత్తం సెక్రటరీ అయ్యాడు. జీతమిచ్చే సేఠు లేడు. ముప్పై ఎనిమిది మందీ యజమానులే.

గల్లీల్లో దొంగచాటుగా సీసం కరిగించేవాళ్లు గుంత తవ్వి, బొగ్గేసి, పొగను బస్తీ మీదికి వదిలేస్తారు. వీళ్లు అలా చెయ్యలేదు. కొలిమి మీద గొట్టం పెట్టి, ఆ పొగను తొంభై ఆరు గుడ్డ సంచుల్లోంచి పంపారు. సీసం ధూళి అంతా సంచులకే అంటుకునేది. చిమ్నీ లోంచి బయటికొచ్చేది టీ కొట్టు ఆవిరి కంటే ఎక్కువుండేది కాదు. ముఖానికి మాస్కు, పని అయ్యాక స్నానం. యూనిఫాం ఫ్యాక్టరీలోనే వదిలెయ్యాలి. 'సీసం ఇంటికి పోవద్దు' అని గేటు పక్క గోడ మీద ఎర్ర రంగుతో రాయించింది ఇశ్రాయేలే.

రెండేళ్ల క్రితం సంచులు మొదటిసారి మార్చినప్పుడు పాతవి ఒక మూల గుట్ట పడ్డాయి. కంబళిలా మందపాటి గుడ్డ. ఇలాంటి వాటిని ఊరవతల ఉన్న విషపు చెత్త గుంతకు పంపాలని రూలుంది. మీటింగులో ఇశ్రాయేలు లేచి నిలబడ్డాడు.

"ఎనభై మూడుల నా బిడ్డ పుట్టినప్పుడు పాత కంపెనీల గింత చింపుడు గుడ్డ తీస్కపోతుంటే గేటు కాడ పట్టిండ్రు. పదిహేను రోజులు సస్పెండు చేసిండ్రు. గిప్పుడు గుడ్డ మనది. మంచిగ రెండు నీళ్లల్ల కడుగుదాం. ఇంటికో బొంత కుట్టిపిద్దాం."

చప్పట్లు కొట్టారు. కడిగారు, ఆరబెట్టారు, చీట్లు వేసి వరుస పెట్టుకున్నారు. రెండు దసరాల్లో ముప్పై ఎనిమిది ఇళ్లకూ బొంతలు చేరాయి. అన్నీ రుక్మాబాయే కుట్టింది. పాత చీరల అంచులు చుట్టూ వేసి, ఒక్కో ఇంటికి ఒక్కో రంగు.

ఇప్పుడు ఆమె ఒడిలో ఉన్నది ముప్పై తొమ్మిదోది. అది సుచరిత కోసం.

సుచరిత బొంబాయి ఫండు తరఫున హైదరాబాద్‌లో పనిచేసే ఆఫీసరు. గాలినీ నీటినీ పాడుచెయ్యని వ్యాపారాల్లో మాత్రమే డబ్బు పెట్టే ఫండు అది. నాలుగు నెలల్లో ఆమె ఐదుసార్లు వచ్చింది. చిమ్నీ పొగ పరీక్ష చేయించింది, మురుగు నీళ్లు పరీక్ష చేయించింది, స్నానాల గదిలో సబ్బు ఉందో లేదో కూడా చూసింది. అన్నీ పాసయ్యాయి. షెడ్డు యజమాని స్థలం అమ్మేస్తున్నాడు, నెలాఖరుకి ఖాళీ చెయ్యమన్నాడు. ఫండు డబ్బు వస్తే ఆ స్థలం సంఘం పేరు మీదికి వస్తుంది. రాకపోతే పన్నెండు రోజుల్లో ముప్పై ఎనిమిది కుటుంబాలు మళ్లీ రోడ్డు మీదే.

మేడమ్‌కి ఎనిమిది నెలల పాప ఉందని తెలిసి, మన గుర్తుగా ఒక బొంత ఇద్దామన్నాడు పురుషోత్తం.

* * *

"గుడ్డ కుట్టే ముందల ఏం చేస్తవ్ అక్కా?" అడిగాడు ఇశ్రాయేలు.

"దులుపుత. మీరు కడిగినమంటరు గని, గీ అరుగు మీద ఏసి కర్రతోని కొడితే మస్తు దుమ్మొస్తది. బూడిద లెక్క. ముక్కుల, నోట్ల అంత తియ్యగ అయితది."

సీసం రుచి తియ్యగా ఉంటుంది. ఆ సంగతి కొలిమి దగ్గర పనిచేసే ప్రతివాడికీ తెలుసు.

ఇశ్రాయేలు లేచి బొంత లాక్కున్నాడు. ప్లాస్టిక్ సంచిలో కుక్కాడు.

"అరే, ఒక అంచు మిగిలింది తమ్మీ."

"మిగలనీ. నువ్వు చేతులు కడుక్కో. సబ్బుతోని. నోరు గూడ కడుక్కో. ఆ అరుగును నీళ్లతోని కడుగు, ఊడవకు."

"కుట్టు మంచిగ లేదా ఏంది?"

అతను రెండు గల్లీల అవతల ఉన్న తన ఇంటికి పరుగులాంటి నడకతో బయల్దేరాడు. ఇంట్లో సోనీ ఉంది. మనవరాలు. రెండున్నరేళ్లు.

కూతురు లాడ్ బజార్‌లో గాజుల దుకాణంలో పనిచేస్తుంది. పొద్దున్నే పిల్లను వదిలిపెట్టి వెళుతుంది. నెల రోజులుగా సోనీకి కడుపునొప్పి. పురుగులని ఒక డాక్టరు మందిచ్చాడు. దిష్టి అని ఇశ్రాయేలు భార్య ఆగమ్మ ఎర్ర నీళ్లు తీసింది. చర్చిలో ప్రార్థన చేయించారు. తగ్గలేదు. మాటలు బాగా వచ్చిన పిల్ల ఈమధ్య మాట్లాడ్డం తగ్గించింది.

ఇశ్రాయేలు గుమ్మంలోంచే చూశాడు. సోనీ బొంత మీద పక్కకు తిరిగి పడుకుని ఉంది. బొంత మూలను నోట్లో పెట్టుకుని చప్పరిస్తోంది. పచ్చ అంచు బొంత. ఆ మూల ఎప్పుడూ తడిగానే ఉంటుందని, అది లేకపోతే పిల్ల నిద్రపోదని ఇంట్లో అందరూ నవ్వుకునేవారు.

అతను వంగి పిల్ల నోట్లోంచి ఆ మూలను లాగేశాడు. సోనీ గుక్కపట్టి ఏడ్చింది.

"ఏందయ్యా, మతి గిట్ల పోయిందా? ఇప్పుడే కన్నంటుకున్నది." వంటగదిలోంచి ఆగమ్మ వచ్చింది.

"దీని మీద పండుకోబెట్టకు. ఎవ్వలు ముట్టకుండ్రి."

"చలికి సచ్చిపోతది పిల్ల. ఎందుకు?"

అతను తడిసిన ఆ మూలను కత్తెరతో కోసి, కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

"సాయంత్రం చెప్త. పిల్ల మూతి కడుగు, చేతులు కడుగు. నీ కాల్మొక్కుత, ఎందుకని అడగకు."

ముప్పై ఏళ్ల కాపురంలో మొగుడు ఆ మాట అనడం ఆగమ్మ ఎన్నడూ వినలేదు. ఆమె పిల్లను ఎత్తుకుని నీళ్ల బకెట్ వైపు వెళ్లింది.

* * *

ఒంటిగంటకు ఇశ్రాయేలు ఫ్యాక్టరీ చేరేసరికి గేటు దగ్గర షామియానా వేస్తున్నారు. బంతిపూల దండలు, ఎర్ర గుడ్డ పరిచిన టేబులు, అద్దె కుర్చీలు. అతను ఎవరితోనూ మాట్లాడకుండా బొంత సంచిని ఆఫీసు గదిలో పడేసి, షెడ్డు మూలనున్న చిన్న ల్యాబ్‌లోకి వెళ్లి తలుపేసుకున్నాడు.

మురుగు నీళ్లలో సీసం ఉందో లేదో చూసుకోవడానికి వాళ్లకొక పరీక్ష ఉంది. నీళ్లలో కొంచెం యాసిడ్ వేసి, మీద ఒక మందు చుక్క వెయ్యాలి. సీసం లేకపోతే నీళ్లు తేటగానే ఉంటాయి. ఉంటే పసుపు తిరుగుతాయి. రోజూ పొద్దున చేసే పనే. ఏడేళ్లలో ఆ సీసా ఎప్పుడూ లేత పసుపు దాటలేదు.

అతను గుడ్డముక్కను గాజు సీసాలో వేశాడు. యాసిడ్ నీళ్లు పోసి పావుగంట ఆగాడు. ఆ నీళ్లను ఇంకో సీసాలోకి వంచి, చుక్క వేశాడు.

సీసాలో నీళ్లు పాలు విరిగినట్టు పసుపు ముద్దలు కట్టాయి. పెళ్లిలో కలిపే పసుపంత చిక్కగా.

తలుపు తెరుచుకుంది. పురుషోత్తం లోపలికొచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నుదుట బొట్టు, జేబులో కొత్త పెన్ను.

"అన్నా, బయట మనుషులంత నిన్నే అడుగుతుండ్రు. ఇదేం నీళ్లు? మోరీలదా?"

"నా మనవరాలి బొంతది."

పురుషోత్తం నవ్వబోయి ఆగిపోయాడు. ఇశ్రాయేలు చెప్పాడు. రుక్మాబాయి చేతులు, దుమ్ము, తియ్యటి రుచి, సోనీ చప్పరించే మూల. అంతా రెండు నిమిషాల్లో అయిపోయింది.

పురుషోత్తం స్టూలు మీద కూలబడ్డాడు.

"మా చింటుగాడు గూడ దాని మీదనే పండుతడు," అన్నాడు. "నీలి అంచు."

"మేడమ్‌కు చెప్పాలె."

"ఆగన్నా. జర ఆలోచించు." పురుషోత్తం లేచి తలుపు గడియ వేశాడు. "గిప్పుడు చెప్తే ఏమైతది? సంతకం కాదు. పన్నెండు దినాలల్ల తాళం పడ్తది. ముప్పై ఎనిమిది మంది రోడ్డు మీద. పిల్లలకు మందెవడు తెస్తడు? దవాఖాన ఖర్చు ఎవడు పెడ్తడు? నాలుగింటికి సంతకం కానీ. ఆరింటికి నువ్వు, నేను ఇంటింటికి పోదాం. బొంతలు తెచ్చేద్దాం. పిల్లలను చూపిద్దాం. నాలుగైదు గంటలన్నా. రెండేళ్ల సంది పండుకున్నరు, ఇంకో నాలుగైదు గంటలకు ఏమైతది?"

"అబద్ధం మీద సంతకమా?"

"అబద్ధం ఎవడు చెప్పిండు? మేడమే తన రిపోర్టుల రాసింది. పాత గుడ్డ పారెయ్యరు, మళ్ల వాడుకుంటరు, శభాష్ అని. మీటింగుల నేనే చదివిన. ఎక్కడ వాడుతుండ్రని ఆమె అడిగిందా? అడగలే. మనం చెప్పలే."

పురుషోత్తం చెప్పినదాంట్లో ఒక్క మాట కూడా తప్పు కాదు. అదే ఇశ్రాయేలును భయపెట్టింది.

"మంచిది," అన్నాడు నేల చూస్తూ. "ఆరింటికి. గని ఆ బొంత ఆమెకు ఇయ్యొద్దు."

"ఇయ్య. నా మీద ఒట్టు."

పురుషోత్తం వెళ్లిపోయాడు. ఇశ్రాయేలు సీసాకు మూత బిగించి జేబులో వేసుకున్నాడు. పారబొయ్యడానికి చెయ్యి రాలేదు.

* * *

సుచరిత మూడున్నరకే వచ్చేసింది. ముప్పై ఏళ్లుంటాయి, కాటన్ చీర, భుజాన ఫైళ్ల బ్యాగు. తెనాలి వైపు మనిషి. కార్మికులందరినీ పేరు పెట్టి పలకరించింది.

"ఏమండీ ఇశ్రాయేలు గారూ, అలా ఉన్నారేంటి? సంతకం చెయ్యాల్సింది పెన్నుతోనేనండి, పలుగుతో కాదు."

అందరూ నవ్వారు. ఇశ్రాయేలు కూడా నవ్వడానికి ప్రయత్నించాడు.

కాగితాలు టేబులు మీద పరిచారు. ప్రతి పేజీ కిందా ఆమె సంతకం ఒకటి, ప్రెసిడెంటు సంతకం ఒకటి. పురుషోత్తం మైకు ముందు నాలుగు ముక్కలు మాట్లాడాడు. ఇశ్రాయేలు పెన్ను మూత తీశాడు.

అప్పుడు షామియానా వెనక నుంచి వైకుంఠం వచ్చాడు. పాత కంపెనీ గేటు ముందు ధర్నాల్లో నినాదాలు ఇచ్చింది అతనే. పెద్ద గొంతు, పెద్ద మనసు. చేతుల్లో స్టీలు పళ్లెం, దాంట్లో రంగు కాగితం చుట్టిన బొంత. ఆఫీసు గదిలో సంచి కనబడితే, ప్రెసిడెంటు మరిచిపోయాడనుకుని తనే ప్యాక్ చేయించాడు.

"మేడమ్, ఇది మా దిక్కు నుంచి. పాపకు."

ఇశ్రాయేలు పురుషోత్తం వైపు చూశాడు. పురుషోత్తం ముఖం పాలిపోయింది. అయినా కళ్లతోనే చెప్పాడు. తర్వాత చూసుకుందాం. ముందు సంతకం.

సుచరిత కాగితం విప్పింది. గులాబీ అంచు బొంత. దాన్ని చెంపకు ఆనించుకుంది.

"ఎంత బాగుందో. మా పాప ఇవాళ్టి నుంచి దీంట్లోనే పడుకుంటుంది."

"మేడమ్," ఇశ్రాయేలు చెయ్యి చాచాడు, "ఒక అంచు మిగిలింది. కుట్టిపిచ్చి రేపు నేనే పంపిస్త. ఇటియ్యుండ్రి."

"అయ్యో, ఈ మాత్రానికేనా? నేను కుట్టుకుంటాలెండి. మా అమ్మ దగ్గర అన్నీ నేర్చుకున్నాను."

ఆమె వేలాడుతున్న దారప్పోగును వేలికి చుట్టుకుని, కొరికి తెంపడానికి అంచును నోటి దగ్గరికి తీసుకెళ్లింది.

"వద్దు."

ఇశ్రాయేలు కేక టేబులు మీది మైకులోంచి షెడ్డు అంతా మోగింది. సుచరిత చేతులు ఆగిపోయాయి. ఇశ్రాయేలు టేబులు దాటి వచ్చి బొంతను ఆమె చేతుల్లోంచి లాగేసుకున్నాడు.

"దాన్ల సీసం ఉంది మేడమ్."

జేబులోంచి సీసా తీసి కాగితాల మీద పెట్టాడు. పసుపు ఇంకా అలాగే ఉంది. అది ఏమిటో అక్కడున్న ఏ కార్మికుడికీ వివరించక్కర్లేదు.

"ఇది మోరీ నీళ్లు కాదు. మా సోనీ నోట్ల పెట్టుకునే బొంత మూల. పొగల సీసం మొత్తం సంచులే తాగినయి. ఆ సంచులనే మనం ఇండ్లకు పంచినం. పంచుదామన్నది నేను."

లొల్లి మొదలైంది. ఒకడు చెప్పులు కూడా వేసుకోకుండా గేటు వైపు పరిగెత్తాడు. అతని కోడలు నెల క్రితమే పురుడు పోసుకుంది. ఇంకొకడు, కడిగినం కదా, రెండు నీళ్లల్ల కడిగినం కదా అంటూ కనబడ్డ ప్రతివాడి చెయ్యీ పట్టుకుని అడుగుతున్నాడు.

వైకుంఠం ఇశ్రాయేలు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. అలవాటు కొద్దీ పిడికిలి పైకి లేచింది. ఏం అనాలో తెలియక ఆ పిడికిలి గాల్లోనే ఆగింది.

"ఎవర్ని తిట్టాలె అన్నా?" అన్నాడు. "గప్పుడైతే సేఠు గేటు ముందట కూసున్నం. గిప్పుడు ఎవని గేటు ముందట కూసోవాలె? చెప్పు."

సుచరిత మంచినీళ్ల సీసా తీసుకుని చేతులు కడుక్కుంది, చెంప కడుక్కుంది, పుక్కిలించి ఉమ్మింది. వచ్చి కాగితాలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి ఫైల్లో పెట్టింది.

"ఈ సంతకం నేను ఇవాళ చెయ్యలేను," అంది.

"తెలుసు మేడమ్."

"మీకు పొద్దున్నే తెలుసా?"

"పొద్దున అనుమానం. మధ్యాహ్నం తెలిసింది. సంతకం అయినంక చెప్దామనుకున్న." అతను పురుషోత్తం పేరెత్తలేదు.

ఆమె కోపంగా ఏదో అనబోయి, ఫైలు మీద చెయ్యి వేసి ఆగింది.

"పాత గుడ్డను మళ్లీ వాడుతున్నారని నేనే మెచ్చుకుని రాశానండి. షెడ్డులో తుడుచుకోవడానికి అనుకున్నాను. చిమ్నీ ఎక్కి చూశాను గానీ ఆ ఒక్క ప్రశ్న అడగలేదు." బ్యాగులోంచి నోటుబుక్కు తీసింది. "ఎన్ని ఇళ్లు? ఎక్కడెక్కడ?"

* * *

ఇళ్లు ముప్పై ఎనిమిదే. బొంతలు మాత్రం ఆ ఇళ్లలోనే లేవు. ఒకరు పురిటికి వెళ్లిన కూతురితో పంపారు. ఒకరు బహదూర్‌పురాలో ఉన్న తమ్ముడికిచ్చారు. ఎవరిది ఎక్కడుందో పూర్తిగా తెలిసిన మనిషి ఒక్కతే. చిరిగినప్పుడల్లా కుట్టించుకోవడానికి అందరూ ఆమె దగ్గరికే వచ్చేవారు.

సాయంత్రం ఐదున్నరకు యాకుత్‌పురా గల్లీలో రుక్మాబాయి ఆటోట్రాలీలో ముందు సీట్లో కూర్చుంది. వెనక మూతలున్న ప్లాస్టిక్ డ్రమ్ములు. మాస్కులు, చేతి తొడుగులు వేసుకుని ఇశ్రాయేలు, వైకుంఠం. సుచరిత నోటుబుక్కుతో పక్కన నడిచింది.

రుక్మాబాయికి చెయ్యెత్తి చూపించే శక్తి లేదు. గడ్డంతో చూపించింది.

"గా పచ్చ తలుపు. ఎర్రంచు. ఇద్దరు పిల్లలున్నరు. ఆ పక్క సందుల మేడ మీద, పసుపంచు. దాన్ని మొన్ననే బాగుచేసిన."

ఆడవాళ్లు ఊరికే ఇవ్వలేదు. చలికాలంలో కప్పుకునేది తీసుకుపోతారా అని ఒకామె తలుపు వేసేసింది. ఇంకొకామె, పాతది తీస్కపోయి కొత్తది నీ బిడ్డకిస్తవా అని ఇశ్రాయేలును దెప్పింది. అన్నీ విని, మళ్లీ మళ్లీ అదే చెప్పాడు. సీసం ఉందమ్మా. తప్పు నాదే. పిల్లలను పొద్దుగాల ఫ్యాక్టరీకి తోల్కరాండ్రి, రక్తం చూస్తరు.

ఒక ఇంట్లో నాలుగేళ్ల పిల్లవాడు బొంతను వదలకుండా డ్రమ్ము దాకా వచ్చాడు. వైకుంఠం వాణ్ని ఎత్తుకుని లోపల దింపి వచ్చాడు.

రాత్రి తొమ్మిదింటికి ముప్పై నాలుగు దొరికాయి. మిగతావి ఊళ్లలో ఉన్నాయి. ఫోన్లు చేస్తున్నారు. చివరికి ట్రాలీ రుక్మాబాయి గుమ్మం ముందు ఆగింది. ఆమె దిగి లోపలికి వెళ్లి, మోచేతుల మధ్య ఇరికించుకుని ఒక బొంత తెచ్చింది. అది ఎవరి లెక్కలోనూ లేదు. మిగిలిన ముక్కలన్నీ కలిపి తనకోసం కుట్టుకుంది. దానికి అన్ని ఇళ్ల అంచులూ ఉన్నాయి. ఎరుపు, పచ్చ, నీలం, పసుపు.

"నాది గూడ తీస్కపోతవా తమ్మీ?"

ఇశ్రాయేలు తీసుకున్నాడు. తన కొత్త ఉన్ని శాలువా ఆమె భుజాల మీద కప్పాడు. దాని కొసలు దగ్గరికి లాక్కోవడానికి ఆమె చేతులు సహకరించలేదు. అతనే ముడివేశాడు.

* * *

షామియానా మరుసటి రోజుకు కూడా అద్దెకు తీసుకున్నదే. పొద్దున ఎనిమిదింటికి బంతిపూల కింద, అదే ఎర్ర గుడ్డ టేబులు మీద, రక్తపరీక్షల ల్యాబ్ నుంచి వచ్చిన కుర్రాడు సూదులూ గొట్టాలూ సర్దుకున్నాడు. పక్కన రబ్బరు బ్యాండ్లు, దూది. సుచరిత మాట్లాడి పిలిపించింది.

కుర్చీల నిండా పిల్లలు, తల్లులు. ఎవరూ ఇశ్రాయేలును పలకరించలేదు. ఆగమ్మ సోనీని ఒళ్లో పెట్టుకుని ముందు వరుసలో కూర్చుంది. పిల్ల రాత్రంతా బొంత కోసం ఏడ్చింది. ఆగమ్మ మొగుడి వైపు ఇంకా చూడలేదు.

సుచరిత అతన్ని పక్కకు పిలిచింది.

"బొంబాయి వాళ్లతో మాట్లాడాను. ఆపెయ్యమన్నారు. వచ్చే నెల మీటింగులో పెడతారట."

"నెలాఖరుకు మా తాళం పడ్తది మేడమ్."

"తెలుసు. అదీ చెప్పాను. ఏమవుతుందో నేను మాట ఇవ్వలేను."

"రిపోర్టుల ఏం రాస్తరు?"

"జరిగింది రాస్తాను. నేను అడగనిది కూడా. మీరే చెప్పారని కూడా రాస్తాను. దానివల్ల మేలు జరుగుతుందో, ఉన్న అవకాశం పోతుందో నాకు తెలియదు."

టేబులు దగ్గర కుర్రాడు మొదటి ఫారం తీశాడు. సోనీ పేరు రాశాడు. వయసు రాశాడు. తర్వాత పెన్ను ఆపాడు.

"ఫ్యాక్టరీ కేసు కదా, యజమాని పేరు రాయాలి. సర్కారుకు కాపీ పోతుంది. ఓనర్ ఎవరు?"

కుర్చీల వెనక నిలబడ్డ మగవాళ్లు నేల చూశారు.

"రాసుకో," అన్నాడు ఇశ్రాయేలు. "ఇశ్రాయేలు. తండ్రి పేరు యాకోబు."

కుర్రాడు రాయడం మొదలుపెట్టాడు. వెనక వరుసలో కుర్చీ కదిలిన చప్పుడైంది. పురుషోత్తం చింటును ఎత్తుకుని ముందుకొచ్చాడు. రాత్రి నిద్ర లేని కళ్లు, నిన్నటి ఇస్త్రీ చొక్కా నలిగిపోయి ఉంది. ఇశ్రాయేలు వైపు చూడకుండానే టేబులు ముందు నిలబడ్డాడు.

"ఒక్కని పేరెట్ల రాస్తవ్ భాయ్?" అన్నాడు. "లాభమైతే ముప్పై ఎనిమిది మందిమి. నా పేరు రాయి. పురుషోత్తం. ఆ ఎనక వైకుంఠం. ఇంక చెప్త, రాసుకో."

"ఇక్కడ ఒక్క గీతే ఉంది సార్," అన్నాడు కుర్రాడు.

కుర్రాడు ఒకసారి అందరి ముఖాలూ చూసి, ఫారం వెనక్కి తిప్పాడు. ఖాళీ కాగితం మీద ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసుకుంటూ రాయడం మొదలుపెట్టాడు. రాయడం అయ్యాక సోనీ చేతికి రబ్బరు కట్టు బిగించాడు. ఆగమ్మ మొదటిసారి తలెత్తి మొగుణ్ని పిలిచింది.

"ఇటురా. పిల్ల చెయ్యి పట్టుకో."